వాయవ్యం గది

తాడేపల్లిగూడెం. ఆషాఢమాసం, సోమవారం, మధ్యాహ్నం మూడు దాటింది. కర్నూలు లారీ దిగుతుండగా కొట్టు వదిలిన పాపాన ఏనాడూ పోని ఉల్లిపాయల వ్యాపారి నిత్యానందం, ఆ రోజు లారీని గుమాస్తా నెత్తిన పడేసి ఇంటికొచ్చి మేడమెట్లెక్కాడు. పైగదిలో అద్దెకుంటున్న ఆర్టీసీ కండక్టరు అమ్మాజీకి ఏలూరు డిపోకి బదిలీ అయింది. ఆవిడ సామాను సర్దుకుంటోంది.

"అది కాదండీ అమ్మాజీ గారూ, నేననేది గది గురించి. మీ గురించి కాదు."

"గది గురించయితే గదితో చెప్పుకోండి. నాకిక్కడ పెట్టె మూత పడ్డం లేదు. కాస్త ఆ చివర కూర్చోండి."

"నేనా? పెట్టెమీదా?"

"బస్తాలమీద కూర్చునే మనిషేగా మీరు. కూర్చోండి. ఆఁ... ఇంకొంచెం. మొహమాటపడకుండా బరువు వెయ్యండి."

"వేశానండీ."

"పడలేదు."

"పడదండీ. వెళ్ళడం దానికీ ఇష్టం లేదేమో."

"దానికి ఇష్టాలేమీ లేవు, చీరలెక్కువయ్యాయి. లేవండి, రెండు తీస్తాను. ఇంతకీ గదికేమొచ్చింది?"

"ఇది వాయవ్యం గదండీ."

"తెలుసు. పొద్దున లేచేసరికి జుట్టంతా మొహంమీదే ఉంటుంది. ఈ కిటికీ తెరిస్తే క్యాలెండరు తనంతట తనే పైనెలకి వెళ్ళిపోతుంది."

"మరి ఈ మూల ఎవరిదో తెలుసాండీ?"

"మీదేగా. అద్దె మీరేగా తీసుకుంటున్నారు."

"నాది కాదండీ, వాయుదేవుడిది. తూర్పు ఇంద్రుడికి, ఆగ్నేయం అగ్నికి, దక్షిణం యముడికి... అలా ఎనిమిది దిక్కులూ ఎనిమిది మందికి వాటాలేశారు. ఈ మూల ఆయన వాటాకొచ్చింది. ఈ మూల పెట్టింది ఏదీ నిలవదండీ. కదిలిపోతుంది."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. అది ఆయన ఇష్టం. ఆయన వాహనం ఏంటనుకున్నారు? లేడి. లేడి ఒకచోట నిలబడగా ఎప్పుడైనా చూశారా? చేతిలో జెండా కూడా ఉంటుంది."

"జెండా పట్టుకుని ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాడంటే ఆయన మా ఆర్టీసీ కాదండీ, రైల్వే గార్డు."

"నవ్వకండి. నేను వ్యాపారస్తుణ్ణి, చూడంది చెప్పను. గోడౌన్లో పోని సరుకంతా వాయవ్యం మూలే వేయిస్తాను. పోయినేడు కర్నూలు ఉల్లి కొంత మొలకొచ్చేసింది. కొనేవాళ్ళు వాసన చూసి వాసన చూసి వదిలేసేవారు. ఆ మూల వేయించానా, తెల్లారేసరికి ఉండి ఊరినుంచి ఒకాయన వచ్చి పెళ్ళివంటకని మొత్తం ఎత్తుకెళ్ళిపోయాడు."

"పెళ్ళివాళ్ళకి మొలకలొచ్చిన ఉల్లిపాయలు అంటగట్టారా?"

"నేను అంటగట్టలేదండీ. వాయుదేవుడు అంటగట్టాడు."

"కమీషన్ మాత్రం మీకొచ్చింది."

"ఆయన తీసుకోడుగా! సరే, సరుకు సంగతి వదిలెయ్యండి. మనుషులు? మా పెద్ద బావగారు సూర్యనారాయణ గారని, చుట్టపుచూపుగా వచ్చి అరుగు దిగలేదు. కాఫీలో పంచదార తక్కువైందని వంక పెడతాడే గానీ వెళ్ళడు. ఈ గదిలో పక్క వేయించాను. వారం తిరక్కుండా సంచి సర్దేశాడు."

"దోమలకి వెళ్ళుంటారు."

"గాలి ఉన్నచోట దోమలుండవండీ! తర్వాత బ్యాంకు పాండురంగారావు గారు అద్దెకు దిగారు. బదిలీ. ఆ తర్వాత హైస్కూలు మాస్టారు ఇమ్మానుయేలు గారు. బదిలీ."

"ఇప్పుడు నేను."

"ఇప్పుడు మీరు. మీ తప్పు కాదు, మీ డిపో మేనేజరు తప్పూ కాదు. గదిది."

"ఇవన్నీ ముందే తెలిసి నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదేంటండీ?"

"ముందయితే మీరుంటే ఏంటి, వెళితే ఏంటండీ?"

"ఇప్పుడేంటి?"

"ఇప్పుడా... ఇప్పుడు ఆషాఢం గాలి. ఎక్కువగా ఉంది."

"ఆహా."

"కిటికీ వెయ్యనా?"

"వద్దు, ఉండనివ్వండి. ఆ వంటసామాను బుట్ట ఇలా అందుకోండి. అయినా కోటిమంది దేవుళ్ళుండగా ఈయనమీద అంత గురి ఏంటండీ మీకు?"

"వ్యాపారం తెలిసిన దేవుడండీ ఆయన."

"గాలి అమ్ముతాడా?"

"అమ్మడు, ఆపుతాడు. అమ్మడం ఎవడైనా చేస్తాడు, ఆపడంలో ఉంది గొప్ప. ఆంజనేయుడు చిన్నప్పుడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరాడు కదా. ఇంద్రుడు వజ్రాయుధంతో దవడమీద కొట్టాడు. పిల్లాడు పడిపోయాడు. తండ్రి ఏం చేశాడు? కేకలేశాడా? తిరిగి కొట్టాడా? ఏమీ లేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని గుహలోకి వెళ్ళి కూర్చున్నాడు. అంతే. ముల్లోకాల్లోనూ మార్కెట్ బందు!"

"బందేంటండీ, ఊపిరాడక చస్తుంటే!"

"అదేనండీ బందంటే. ఆకు కదలదు. పొయ్యి రాజుకోదు. ఊపిరి పీల్చుకుందామంటే స్టాకు లేదు."

"మా కొల్లేటి చేపల చెరువుల్లో ఇప్పటికీ అలాగేనండీ. మబ్బుపట్టి గాలాడని రోజున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడతాయి. మా తమ్ముడు సూర్రావు ఇంజను పెట్టి నీళ్ళు ఎగజిమ్మిస్తూ మీ దేవుణ్ణి తిట్టే తిట్లు మీరు వినలేరు."

"దేవతలు కూడా అలాగే నోళ్ళు తెరుచుకుని గుహ ముందు లైను కట్టారండీ. ముందు బ్రహ్మ, వెనక అందరూ. ఒకరి తర్వాత ఒకరు వరాలు ఇచ్చుకున్నారు. కొట్టిన ఇంద్రుడు కూడా తెచ్చి ఇచ్చాడు. ఈయన నోరు విప్పి ఒక్కటి అడిగాడా? అడగలేదు! అదీ బేరమంటే."

"పిల్లాడికి దెబ్బ తగిలి కుళ్ళికుళ్ళి ఏడుస్తున్న తండ్రినండీ మీరు బేరగాణ్ణి చేసింది!"

"ఏడ్చాడు. కాదనను. ఏడుస్తూ కూడా నష్టపోలేదు, అదీ నేను చూసేది."

"అదేనండీ మీతో చిక్కు. నోరు విప్పకుండా కూర్చుంటే వరాలు వాటంతటవే వస్తాయనుకుంటారు."

"నేనేమడిగానండీ ఇప్పుడు?"

"ఏమీ అడగలేదు. అదే చెబుతున్నాను. ఆ జల్లెడ కూడా ఇవ్వండి."

కింద గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది. మార్కెట్లో నిత్యానందం సరుకు తోలే ముస్తాక్‌దే ఆ బండి. ఆవేళ ఏలూరు దాకా అమ్మాజీ మాట్లాడుకుంది.

"అమ్మాజీ గారూ! వచ్చేశానండీ!"

"పైకి రా ముస్తాక్! మంచం విప్పాలి."

"వస్తున్నానండీ... ఆయ్, నిత్యానందం గారు కూడా ఇక్కడే ఉన్నారే! కొట్లో లారీ దిగుతోందండీ."

"తెలుసు."

"మీరు లేకుండా దిగుతోందండీ."

"తెలుసన్నానుగా. నువ్వేంటి ఇక్కడ? నీ బండి రిపేరుకెళ్ళిందిగా?"

"అదే చెబుదామనే వచ్చానండీ. మీరు చెప్పమన్నట్టే పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తున్నాను, అమ్మాజీ గారు అందడం లేదు. ఫోన్లో అందకపోతే మనిషిగా వెళ్ళి చెప్పాలి కదండీ, మాటంటే మాట. అమ్మాజీ గారూ, బండి రిపేరండీ. ఇవాళ రాలేను."

"దేంట్లో వచ్చావు ముస్తాక్?"

"బండిలోనేనండీ... ఓహో. అలా వచ్చిందేంటి."

"రిపేరని చెప్పమన్నదెవరు?"

"ఎవరూ చెప్పమనలేదండీ."

"మీరు చెప్పమన్నట్టే అన్నావుగా ఇప్పుడే!"

"అన్నానా? ఈ గదిలో గాలికి నా మాట నాకే వినపడ్డం లేదండీ."

"నిత్యానందం గారూ, ఇటు చూడండి. నా బండి మీరు ఆపించారా?"

"ఆపించడం కాదండీ. కాస్త... ఆలస్యం."

"ఎందుకూ?"

"రాహుకాలం."

"సోమవారం రాహుకాలం నేను పొద్దున ఆఫీసుకెళ్ళకముందే అయిపోయింది."

"అయితే వర్జ్యం."

"అయితేనా!"

"ముస్తాక్, నువ్వలా చూస్తూ నిలబడకు."

"మంచం విప్పమంటారా అయితే?"

"విప్పు ముస్తాక్."

"విప్పకు ముస్తాక్!"

"ఇద్దరూ ఒకమాట మీదకి రండి, నాకు చేతులు రెండే. సగం విప్పనా?"

"విప్పు, ముస్తాక్. నేనే చెబుతున్నాను, విప్పు. కానీ బండెక్కించకు. కింద నైరుతి గదిలోకి దింపు."

"నైరుతి గదంటే మీ పడకగది కదండీ నిత్యానందం గారూ?"

"అవును."

"అందులో మీ మంచం ఉందిగా?"

"ఉంది."

"రెండు మంచాలు పడతాయాండీ అందులో?"

"పడవు! అంటే, నా ఉద్దేశం, నా మంచం పైకొస్తుంది, ఆవిడ మంచం కిందకెళుతుంది. గది మార్పిడి. అమ్మాజీ గారూ, నేను పొద్దుట్నుంచీ చెబుదామనుకుంటున్నది అదే. నైరుతి బరువు మూలండీ. ఇనప్పెట్టె అక్కడే ఉంటుంది, ఇంటి యజమాని అక్కడే పడుకుంటాడు. కదలకూడనివన్నీ అక్కడే. మీరు ఆ గదిలో ఒక్క నెల పడుకోండి. బదిలీ ఆగకపోతే అప్పుడు అడగండి."

"నన్ను ఇనప్పెట్టె పక్కన పెట్టి తాళం వేస్తారా?"

"తాళం మీ దగ్గరే ఉంచుకోండి."

"అమ్మాజీ గారు కిందకెళితే మీరెక్కడ పడుకుంటారండీ?"

"చెప్పాను కదరా, ఇక్కడ. ఈ గదిలో."

"ఈ గదిలో పడుకున్నవాళ్ళు వెళ్ళిపోతారని నాకు వందసార్లు చెప్పారండీ మీరు. పాండురంగారావు గారి సామానూ నేనే తోలాను, ఇమ్మానుయేలు మాస్టారిదీ నేనే తోలాను."

"అవును."

"అప్పుడు మీరు వెళ్ళిపోతారుగా?"

"ఆఁ?"

"మీరు వెళ్ళిపోతారండీ. ఆవిడ ఉండిపోతారు. ఎక్కడికెళతారు మీరు?"

"అది... అంతదాకా ఆలోచించలేదు."

"ఏలూరులో మా తోడల్లుడు నౌషాద్ వాళ్ళ వీధిలో గదులున్నాయండీ. కిరాయి నేనే తోలతాను."

"నవ్వకండి అమ్మాజీ గారూ."

"నేను నవ్వడం లేదండీ... అమ్మో... ఉండండి... నా కళ్ళలో నీళ్ళొస్తున్నాయి. సొంతింట్లో నన్ను కూర్చోబెట్టి మీరు ఏలూరులో అద్దెకుంటారా! మా కొత్త డిపోకి దగ్గర్లో చూసుకోండి. నేను వచ్చి పలకరిస్తూ ఉంటాను."

"లెక్క ఎక్కడో తప్పింది."

"తప్పలేదండీ నిత్యానందం గారూ. మీ లెక్క నాకు బాగానే తెలిసింది. ఆవిడ పైనుంటే ఆవిడ వెళ్ళిపోతారు. మీరు పైనుంటే మీరు వెళ్ళిపోతారు. ఇద్దరూ కదలకూడదంటే ఇద్దరూ కింద నైరుతి..."

"ముస్తాక్!"

"నేనేమన్నానండీ?"

"నువ్వు కిందకెళ్ళు!"

"మంచం?"

"మంచం తర్వాత. వెళ్ళు!"

"వెళుతున్నానండీ. టైర్లలో గాలి చూసుకోవాలి. ఎలాగూ రిపేరని చెప్పాంగా, కాస్త నిజం చేసుకుంటాను."

ముస్తాక్ మెట్లు దిగిన చప్పుడు వినిపించింది, సగం దాకా. మిగతా సగం వినిపించలేదు.

"వాడి మాటలు పట్టించుకోకండి."

"ఏ మాటలండీ?"

"వాడన్నవి."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మరి పట్టించుకోవద్దంటారేంటి?"

"అమ్మాజీ గారూ, మీరు బస్సులో టిక్కెట్ తీసుకోని వాళ్ళతో కూడా ఇలాగే మాట్లాడతారా?"

"వాళ్ళు మీకంటే త్వరగా ఒప్పుకుంటారు. కూర్చోండి. మీరొక కథ చెప్పారు కదా, నేనూ ఒకటి చెబుతాను. మీ వాయుదేవుడిదే. మా నాయనమ్మ కొల్లేట్లో పడవమీద గెడ వేస్తూ చెప్పేది. గాలి పడిపోయి, తెరచాప ముడుచుకున్న రోజునే చెప్పేది, ఆయనమీద కోపంతో."

"చెప్పండి."

"కుశనాభుడని ఒక రాజు. ఆయనకి వందమంది కూతుళ్ళు."

"వందా!"

"వంద. తోటలో ఆడుకుంటున్నారు. మీ దేవుడు అటు వెళుతూ చూశాడు. చూసి, నన్ను పెళ్ళి చేసుకోండి అన్నాడు."

"ఎవర్ని?"

"అందర్నీ."

"వందమందినీ ఒకేసారా?"

"ఒకేసారి. హోల్‌సేల్."

"పెద్ద ఆర్డరే."

"వాళ్ళు పకపకా నవ్వారు. మాకొక తండ్రి ఉన్నాడు, అడగాల్సింది ఆయన్ని, వెళ్ళు అన్నారు. ఈయనకి రోషమొచ్చింది. వందమంది నడుములూ వంచేసి పోయాడు."

"అది మాత్రం తప్పండీ. సరుకు కుదరకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి గానీ పాడుచేసి రాకూడదు."

"ఆ తర్వాత వాళ్ళకి వేరే మంచి మొగుడు దొరికి నడుములు బాగుపడ్డాయి లెండి. ఇంతకీ ఆయన చేసిన తప్పేంటో చెప్పండి."

"నడుములు వంచడం."

"దానికి ముందు."

"అడగడమా?"

"అడగడం తప్పు కాదండీ. ఒక్కరిని చూసి, పేరుపెట్టి పిలిచి అడిగుంటే, ఏమో, ఆ ఒక్కరూ ఒప్పుకునుండేవారేమో. మీరు ఆయనకంటే ఘోరం. ఆయన వందమందిని అడిగాడు. మీరు ఒక్కరిని అడగలేక మూలమూలనీ అడుగుతున్నారు. రేపు పొద్దున ఏలూరులో రిపోర్టు చెయ్యాలి నేను. చీకటిపడేలోపు వెళితే అక్కడ గది సర్దుకోగలను. ఉంచాలనుకుంటే ఎందుకో చెప్పండి. వాస్తు చెప్పకండి."

"వ్యాపారం భాషలో చెప్పనా? నాకు వచ్చింది అదే."

"మీకొచ్చిన భాషలోనే చెప్పండి."

"ఉల్లిపాయ ఊరికే ఉన్నా తరుగుతుందండీ. ఎలుక కొట్టక్కర్లేదు, కుళ్ళక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు, కాటా మీద తగ్గుతుంది. తరుగంటాం. మా ఆవిడ పోయాక నేనూ అంతే. ఏ జబ్బూ లేదు, ఏ నష్టమూ లేదు. ఊరికే ఉన్నాను, తరుగుతున్నాను. ఎవరూ కాటా వెయ్యలేదు, నేనూ వేసుకోలేదు. మీరొచ్చాక..."

"ఆఁ, నేనొచ్చాక?"

"మీరు డ్యూటీ దిగి వచ్చి మెట్లెక్కుతూ ఆఖరి మెట్టుమీద 'రైట్' అంటారు."

"నేనా?"

"రోజూ. ఎవరికంటారో తెలీదు, అలవాటనుకుంటాను. నేను కింద పడుకుని వింటాను. అది వినేదాకా నాకు నిద్రపట్టదు. భీమవరం సర్వీసు ఆలస్యమైన రోజున వీధిలోకొచ్చి నిలబడతాను. మొన్న కైకలూరు రోడ్డులో బస్సు ఆగిపోయినప్పుడు డిపోకి ఫోన్ చేశాను. ఎవరు మీరు అన్నారు. ఏం చెప్పాలో తెలీక, ఉల్లిపాయలు అన్నాను."

"ఆ ఉల్లిపాయల ఫోన్ మీరా! డిపో అంతా వారం నవ్వుకున్నారండీ. కండక్టరు అమ్మాజీ గారు క్షేమమా అని ఉల్లిపాయలు అడుగుతున్నాయని."

"చూశారా, మళ్ళీ నవ్వుతున్నారు."

"నవ్వితే ఏం, నడుం వంచుతారా?"

"వంగింది నాదేనండీ, బస్తాల్లోకి వంగి చూసిచూసి."

"నిటారుగా కూర్చోండి అయితే. కూర్చుని అడగండి."

"అమ్మాజీ గారూ."

"ఆఁ."

"మీరు కింద నైరుతి..."

"మూలలొద్దు."

"మీరు నన్ను..."

"ఊఁ."

"ముస్తాక్ మెట్లమీదే ఉన్నాడండీ, వింటున్నాడు."

"వినడం లేదండీ! కానివ్వండి!"

"చూశారా!"

"వాడు విన్నా ఊరు విన్నా ఇవాళే అడగాలి. రేపు అడిగితే ఏలూరు రావాలి మీరు. అడగండి."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"..."

"గాలికి వినపడలేదా? మళ్ళీ..."

"వినపడింది. ఆషాఢమాసమండీ."

"అయితే?"

"ఆషాఢంలో పెళ్ళిమాట ఎవరైనా మాట్లాడతారా? పంచాంగమంతా అప్పజెబుతారు, ఆ మాత్రం తెలీదా?"

"అంటే... కాదనా?"

"శ్రావణం ఎంత దూరముందంటున్నాను!"

"అల్లాడిపోయానండీ ఒక్క క్షణం! ముస్తాక్! ఒరేయ్ ముస్తాక్! కొట్టుకెళ్ళి లారీవాడికి చెప్పు, బరువు ఎంతంటే అంత రాసుకోమని!"

"నిజంగా చెప్పనాండీ?"

"వద్దు! ఆగు! కాటా మీద చూసే రాయమను."

"ఆగండి, ఆగండి. నా సంగతి కూడా వినండి. ఉద్యోగం మానను."

"మానమని ఎవరన్నారండీ? 'రైట్' వినపడాలంటే మీరు బస్సెక్కాలిగా."

"మావాళ్ళు కొల్లేట్లో వలలేసిన వాళ్ళు. నాకు చేపల పులుసు లేనిదే వారం గడవదు. మీ వంటింట్లో ఏనాడూ ఆ వాసన రాలేదు."

"పులుసులోకి ఉల్లిపాయలు కావాలిగా?"

"చాలా కావాలి."

"నేను తినను. తరిగిస్తాను."

"కళ్ళు మండుతాయి."

"నా కళ్ళు మండటం మానేసి ముప్పైయేళ్ళయిందండీ. కానీ అమ్మాజీ గారూ, రేపు ఏలూరులో రిపోర్టు చెయ్యాలన్నారే? బదిలీ ఆగదు కదా?"

"ఆగదు. ఏలూరు ఎంతండీ, పాసింజరు రైలెక్కితే గంట. పొద్దున వెళతాను, రాత్రికొస్తాను. జనం రోజూ నా బస్సులో చేస్తున్న పనేగా."

"అంత తేలికా! మరి ఈ పెట్టెలన్నీ ఎందుకు సర్దారు?"

"మీరు అడక్కపోతే నిజంగానే వెళ్ళిపోదామని. అడగని మనిషి కింద ఉంటే పైన ఉండటం నావల్ల కాదండీ. ఆ మెట్లు ఎక్కడమే కష్టంగా ఉంది."

"అమ్మో. ముస్తాక్ ఫోన్ అందుంటే?"

"అందకుండా ఆపేసి పెట్టెలో పెట్టాను. మీ డెలివరీలవాడు పొద్దున్నే ఎందుకు చేస్తున్నాడో ఊహించలేనా?"

"మీరు వ్యాపారం చెయ్యాల్సింది. కానీ... ఒక్కటుందండీ."

"మళ్ళీ ఏంటి?"

"భాను."

"అత్తిలిలో ఉన్న మీ అమ్మాయేనా?"

"అదే. తల్లి పోయాక నన్ను పిల్లాణ్ణి చూసినట్టు చూస్తుంది. దానికేం చెప్పను, ఎలా మొదలుపెట్టను? నేను సరుక్కి కర్నూలు వెళ్ళినప్పుడు మీకు ఈ గది అద్దెకిచ్చింది అదే. మా నాన్నకి తోడు తెస్తున్నాననుకుందా? ఒంటరి ఆడమనిషి కదా అని జాలిపడి ఇచ్చింది. ఇప్పుడు ఫోన్ చేసి ఇదీ సంగతంటే, నేనేదో మీ మంచితనాన్ని అలుసుగా తీసుకున్నానంటుంది. అల్లుడు ఏమనుకుంటాడు? నాకు చెమటలు పడుతున్నాయండీ ఇంత గాలిలోనూ."

"ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలీదు కదూ?"

"ఏం జరిగింది?"

"నాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేను, కింద వంటింటి పక్క గది చాలమ్మా అన్నానండీ నేను. మీ భాను ఒప్పుకోలేదు. 'కాదండీ, పైన వాయవ్యం గదే తీసుకోండి, కావాలంటే అద్దె తగ్గిస్తాను. మా ఇంట్లో పెళ్ళికావలసిన మనిషిని ఆ గదిలోనే పడుకోబెడతాం, ఏడాది తిరక్కుండా కుదిరిపోతుంది, నాకూ అలాగే కుదిరింది' అంది. ఈ వయసులో నాకు పెళ్ళేంటమ్మా అంటే, 'మీకు కాదండీ, మా నాన్నకి. ఆయన్ని పైకి పంపించి పడుకోబెట్టడం నావల్ల కాదు, అందుకని మిమ్మల్ని పెడుతున్నాను' అంది."